నడకను బట్టి

మా చిన్నమామ బేగంపేట విమానాశ్రయంలో సామాన్లు ఎత్తే పని చేసేవాడు. మా ఇల్లు రసూల్‌పురలో, రన్‌వేకి కూతవేటు దూరం. విమానం దిగేటప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. అమ్మ చెప్తున్న మాట ఆపేసి, అది దాటిపోయాక ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకునేది. నేను చప్పుడు వినగానే వాకిట్లోకి ఉరికి తల పైకెత్తేవాణ్ణి. మామ ఇంట్లో ఉన్న రోజు మాత్రం అలా కుదిరేది కాదు. వెనక నుంచి వచ్చి రెండు చేతులతో నా కళ్లు మూసేవాడు. "సూడకు అల్లుడా. ముందుగాల ఇను" అనేవాడు.

1968 నాటి మాట. నాకు పదకొండేళ్లు. అప్పట్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపే వైకౌంట్, ఫోకర్ ఫ్రెండ్‌షిప్, ఆవ్రో మూడింటికీ ఒకటే రకం ఇంజను, రోల్స్‌రాయిస్ డార్ట్. నేల మీద ఉన్నప్పుడు చెవిలో సూది దిగేటట్టు కీచుమనేది. కళ్లు మూసుకుని వింటే నాకు మూడూ ఒక్కలాగే ఉండేవి. మామకు అలా కాదు. వైకౌంట్‌కు నాలుగు ఇంజన్లు. నాలుగు గొంతులూ ఒకే శ్రుతిలో ఉండవు కాబట్టి ఆ మోతలో అల వచ్చి పోతున్నట్టు ఒక ఊపు ఉంటుందని చెప్పేవాడు. నేను సరిగ్గానో తప్పుగానో ఒక పేరు చెప్పాక చేతులు తీసేవాడు. అప్పుడు కళ్లకు పాఠం. ఫోకర్ రెక్క గొడుగు పట్టినట్టు ఒంటికి పైన ఉంటుంది. ఆవ్రో రెక్క కింద ఉంటుంది కానీ ఇంజన్లు రెక్క మీదికెక్కి కూర్చుంటాయి. వైకౌంట్ కిటికీలు కోడిగుడ్డు ఆకారంలో, పెద్దవి.

డకోటాకు ఏ పాఠమూ అక్కర్లేదు. దాని గొంతే వేరు, ఇసుర్రాయి తిప్పినట్టు గుడగుడ. రెండు ఇంజన్లు, ఒక్కోదానికి పద్నాలుగు సిలిండర్లు, ఏడేసి చొప్పున రెండు వరసల్లో గుండ్రంగా. మొదలుపెట్టేటప్పుడు ఒక్కొక్క సిలిండరే అంటుకుంటూ, దగ్గుతూ, తెల్లటి పొగ కక్కుతూ, కాసేపటికి ఒక తాళానికి వస్తుంది. మామకు డకోటా అంటే ప్రాణం, ఒళ్లు నొప్పులూ దాని వల్లే. ఆ విమానం నిలబడ్డప్పుడు తోక నేల మీద, ముక్కు ఆకాశం వైపు. లోపలి నేలంతా ఏటవాలు. తలుపేమో వెనక వైపు. మూటలు, టపా సంచులు, ఒక్కోసారి కోడిపిల్లల బుట్టలు, అన్నీ లోపల గుట్ట ఎక్కించినట్టు ముందుకు తోసుకుపోవాలి. "గుట్ట మీద గుడి ఉంటది, గీ గుట్ట మీద పైలెట్ ఉంటడు" అనేవాడు.

మామ పంతొమ్మిదేళ్లప్పుడు, 1949లో, డెక్కన్ ఎయిర్‌వేస్‌లో చేరాడు. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన కంపెనీ అది, బేగంపేట దాని స్థావరం, డకోటాలు దాని బలగం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్న మొదటి మహిళ ప్రేమ్ మాథుర్ కో-పైలట్‌గా కూర్చున్నది ఆ కంపెనీ విమానంలోనే. 1953లో ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. మామ అదే షెడ్డులో, అవే డకోటాల కింద పనిచేస్తూ ఉండిపోయాడు.

డకోటా అసలు పేరు డీసీ-3. అది మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న, రైట్ సోదరులు ఎగిరిన రోజుకు సరిగ్గా ముప్పై రెండేళ్లకు. రెండో ప్రపంచ యుద్ధం కోసం పదివేలకు పైగా కట్టారు. యుద్ధం అయిపోయాక మిగిలినవి చవగ్గా దొరికాయి, మన విమాన కంపెనీలు వాటితోనే పుట్టాయి. 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంటు మొదటి బెటాలియన్ వాళ్లను శ్రీనగర్‌లో దించినవీ డకోటాలే, వాయుసేనవి కొన్ని, ప్రైవేటు కంపెనీలవి కొన్ని. ఇవన్నీ నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. మామకు తెలిసింది వేరు. డకోటా దిగేటప్పుడు ముందు చక్రాలు రెండూ నేలకు తాకించి, తోక పైనే పట్టుకుని కొంతదూరం పరుగెత్తి, వేగం చచ్చాక తోకను మెల్లగా కిందికి వదులుతుంది. కోక కుచ్చెళ్లు సర్దుకుని కూర్చునే ముసలమ్మలాగ, అని మామ పోలిక. దాని నడక అది. దూరం నుంచి, ఎదురెండలో, రంగూ అక్షరాలూ ఏవీ కనబడకపోయినా ఆ నడకతో తెలిసిపోతుంది.

మా అమ్మకూ ఈ విద్య ఉండేది. గడప అవతల చెప్పుల చప్పుడు విని ఎవరొస్తున్నారో చెప్పేది. సందు మొదట్లో నాన్న తల ఆనకముందే పొయ్యి మీద టీ గిన్నె పెట్టేది. మనవాళ్లను మనం గుర్తుపట్టేది ముక్కూ చెవులూ కొలిచి కాదు కదా. వాళ్లు నడిచే తీరు, తల తిప్పే తీరు, దగ్గే తీరు, అన్నీ కలిసి ఒక్కసారిగా 'వీడే' అనిపిస్తాయి. విమానాలను గుర్తుపట్టే సరదా ఉన్నవాళ్లు చేసేదీ అంతే.

యుద్ధకాలంలో ఇది సరదా కాదు, ప్రాణావసరం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. తల మీదికి వస్తున్నది మనదా పరాయిదా అన్నది క్షణంలో తేల్చుకోవలసిన రోజులవి. అదే ఏడాది అమెరికా నౌకాదళం తన దేశంలోని బడిపిల్లలను ఒక పని అడిగింది. కర్రతో విమానాల బొమ్మలు చెక్కి, నల్లరంగు వేసి పంపండి, మా సైనికులకు గుర్తుపట్టడం నేర్పాలి అని. అడిగింది ఐదు లక్షల బొమ్మలు. కొలత 1:72, అంటే అసలు విమానంలో ఆరడుగులు బొమ్మలో ఒక అంగుళం. ఆ కొలత వెనక చక్కటి లెక్క ఉంది. బొమ్మను ముప్పై ఐదడుగుల దూరంలో పట్టుకుంటే, 35ని 72తో హెచ్చించగా 2,520 అడుగులు. దాదాపు అర మైలు దూరంలో అసలు విమానం కంటికి ఎంత ఆనుతుందో అంతే ఆనుతుంది. తరగతి గది ఆ మూల నుంచి ఈ మూలకు యుద్ధరంగాన్ని తెచ్చిన లెక్క. ఇవాళ అంగడిలో దొరికే ప్లాస్టిక్ విమానాల కిట్లు ఇంకా చాలా ఆ కొలతలోనే వస్తాయి.

కానీ ఆ నల్లబొమ్మలు ఎగరవు. వాటికి రూపం ఉంది, నడక లేదు.

ఎగిరే బొమ్మ చేయాలన్న కోరిక నాకు పదిహేనేళ్లప్పుడు పుట్టింది. బాల్సా చెక్క అనేది ఒకటుందని అప్పటికి తెలియదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి తేలికగా ఉంటుందని ఎవరో చెబితే, విరిగిపోయిన ఒక ఏనుగు అంబారీ పెట్టుకుని దాన్నుంచి రెక్క చెక్కబోయాను. పొణికి ఎంత తేలికైనా బొమ్మకే చాలింది, రెక్కకు చాలలేదు. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరాక బాల్సా చూశాను. దక్షిణ అమెరికా చెట్టు, ఈక్వడార్ నుంచి ఎక్కువగా వస్తుంది. అరచేతిలో పెడితే పెట్టినట్టే ఉండదు. యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల మస్కిటో విమానం ఒళ్లంతా పలుచటి బర్చ్ చెక్కల మధ్య ఈ బాల్సానే పెట్టి కట్టారు. ఎయిర్ వింగ్‌లో కలకత్తాలో చేసిన అరోరా డీజిల్ ఇంజను ఉండేది, బొటనవేలంత. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఇంధనం. రెండు తీగలు పట్టుకుని మధ్యలో నిలబడితే విమానం మన చుట్టూ తిరుగుతుంది, దాంతో పాటు మనమూ తిరగాలి. ఆ ఈథర్ వాసన ఇప్పుడు ఏ ఆసుపత్రి వరండాలో తగిలినా నాకు ఇరవై ఏళ్ల వయసు వస్తుంది. చదువు ముగిసింది, బ్యాంకు ఉద్యోగం, బదిలీలు, పిల్లలు. చాలా ఏళ్లు బాల్సా ముట్టలేదు.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. బేగంపేటకు ప్రయాణికుల విమానాలు రావడం ఆగిపోయింది. వాయుసేన విమానాలు, పెద్దవాళ్ల ప్రత్యేక విమానాలు లాంటివే మిగిలాయి. మామకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్లు, చూపు బాగా మందగించింది. ఒకరోజు పొద్దున్నే వెళ్తే మంచం మీద కూర్చుని ఉన్నాడు. "రాత్రంత నిద్ర లేదు అల్లుడా. ఇల్లు సప్పుడు చేస్తలేదు" అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను మళ్లీ పని మొదలుపెట్టాను.

ఏ విమానం చేయాలన్న ప్రశ్న రాలేదు. పుష్పక్. విమాన రూపకర్త ఘాటగే గారి నాయకత్వంలో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు బెంగళూరులో తయారుచేసిన రెండు సీట్ల విమానం, 1958లో మొదట ఎగిరింది. ఫ్లయింగ్ క్లబ్బుల కోసం కట్టినది. తొంభై గుర్రాల ఇంజను, పైన రెక్క, ఒంటికి బట్ట చుట్టి రంగు వేసినది. బేగంపేట ఫ్లయింగ్ క్లబ్‌లో పొద్దున్నే గాలి లేవకముందు దాన్ని బయటికి తోసేవాళ్లు. మామ దాన్ని 'బట్ట విమానం' అనేవాడు. దిగేటప్పుడు నేలకు జానెడు ఎత్తున తేలుతూ, తాకాలా వద్దా అని ఆలోచించుకుంటూ పోతుందని ముచ్చటపడేవాడు.

దాని రెక్క ఆ చివరి నుంచి ఈ చివరికి 36 అడుగులు. పదహారోవంతుకు తగ్గిస్తే 27 అంగుళాలు. ప్లాన్ కాగితం బల్ల మీద పరిచి, పైన పల్చటి పాలిథీన్ వేసి, బాల్సా పుల్లలు గుండుసూదులతో నిలబెట్టి, కలిసే చోటల్లా జిగురు చుక్క. రెక్క ఎముకలు పద్దెనిమిది, ఒక్కొక్కటి కోసి, అన్నీ దొంతరగా పేర్చి ఉప్పుకాగితంతో రుద్దితే ఒకే ఆకారానికి వస్తాయి. పైన కప్పడానికి మొదట ధూల్‌పేటలో కొన్న పతంగి కాగితం వాడాను. రంగులు బ్రహ్మాండం, కానీ నా చేతిలో అది నీళ్లకు బిగుసుకోలేదు. అసలు టిష్యూ కాగితం తెప్పించి అంటించి, సన్నటి తుంపర చల్లి ఆరబెడితే, ఊళ్లో మంట దగ్గర కాచిన డప్పులా బిగిసింది. వేలితో మీటితే మోగింది కూడా.

ఇక్కడి నుంచే అసలు కష్టం మొదలైంది. విమానాన్ని పదహారోవంతు చేశాను, గాలిని చేయలేను. గాలి ఉన్నదున్నట్టే ఉంటుంది. దీనికొక లెక్క ఉంది. పొడవు పదహారోవంతైతే రెక్క వైశాల్యం 256వ వంతవుతుంది. ఇక అసలు విమానం ఎంత తాపీగా కదులుతున్నట్టు కనబడుతుందో బొమ్మా అంతే తాపీగా కనబడాలంటే, వేగమూ పదహారోవంతు కావాలి. అంత మెల్లగా పోతూ గాలిలో నిలవాలంటే బరువు 65,536వ వంతుకు దిగాలి. నిండా ఎక్కించిన పుష్పక్ బరువు ఆరువందల కిలోల పైచిలుకు. లెక్క చేసి చూడండి, 9 గ్రాములు వస్తుంది! మూరన్నర రెక్కతో కొన్ని పోస్టుకార్డుల పాటి బరువులో విమానం కట్టాలి. నాది, ప్రొపెల్లర్‌ను తిప్పే మెలిపెట్టిన రబ్బరుతో కలిపి, 62 గ్రాములు తూగింది. ఆ బరువుకు అది అసలుదాని వేగంలో ఆరోవంతుతో ఎగురుతుంది, అంటే ఉండవలసినదానికి రెండున్నర రెట్లు తొందర.

ఆ లెక్క తేలిన రాత్రి నేను చాలాసేపు బల్ల దగ్గరే కూర్చున్నాను. కొలతలన్నీ ఖచ్చితంగా తగ్గించిన బొమ్మ, కొలతలు ఖచ్చితంగా ఉన్నందువల్లే పుష్పక్‌లా ఎగరదు. పుష్పక్‌లా ఎగరాలంటే కొన్నిచోట్ల కొలత తప్పాలి. తోక వెడల్పు కొంచెం పెంచాలి, లేకపోతే నిలకడ ఉండదు. రెక్క చివరలు అసలుకన్నా ఇంకాస్త పైకి లేపాలి, ఎందుకంటే ఒరిగితే సర్దడానికి లోపల పైలట్ లేడు. రబ్బరు మెల్లగా విచ్చుకోవాలంటే ప్రొపెల్లర్ పెద్దది కావాలి. ఈ విద్యలో దీని మీద పాత తగాదా ఉంది. స్కేల్ అంటే స్కేలే, వెంట్రుకవాసి తేడా ఉండకూడదని కొందరు. వాళ్ల బొమ్మలు అద్దాల పెట్టెలో ఉంచి చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అయినా నేను రెండో పక్షం. పోలిక కొలతల్లో ఉంటుందని నేను నమ్మను. నాన్న పోలికలు నాలో ఏవీ లేవు, రంగు కాదు, ఎత్తు కాదు. కానీ నేను మెట్లెక్కుతుంటే అమ్మ ఒకటి రెండుసార్లు లోపలి నుంచి నాన్ననే పిలిచింది.

రబ్బరు సంగతి కూడా చెప్పాలి. మెలిపెట్టిన రబ్బరుతో విమానాన్ని ఎగరేయడం ఫ్రాన్సులో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడి తెలివి. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని తుయిలరీ తోటలో అతని చిన్న విమానం 11 సెకన్లు ఎగిరింది. వెనక తోక పెట్టి, దానంతట అదే నిలకడగా పోయేటట్టు చేయడం అతను కనిపెట్టిన రహస్యం. మనుషులను మోసే విమానం కట్టాలని తపించి, ఎవరూ డబ్బు పెట్టక, 1880లో ముప్పై ఏళ్లకే ప్రాణం తీసుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు, 1878లో, అమెరికాలో ఒక బిషప్ గారు తన చిన్న కొడుకులకు అతని నమూనాలో చేసిన రబ్బరు హెలికాప్టర్ బొమ్మ తెచ్చి ఇచ్చారు. ఆ పిల్లలు విల్బర్, ఆర్విల్ రైట్. పెనోకు ఈ సంగతి తెలియకుండానే పోయింది. రబ్బరుకు ఆముదం రాసే ప్రతిసారీ నాకు అతను గుర్తొస్తాడు.

మా తాత ఊరి చెరువు శికంలో పచ్చిక మోకాలెత్తు ఉన్నప్పుడు మొదటి పరీక్ష. రబ్బరు తిప్పకుండా చేత్తో వదిలాను. ముక్కు పైకెత్తింది, గాలిలో ఒక్క క్షణం ఆగింది, తల వేలాడేసి గడ్డిలో పడింది. తోక బరువు. ముక్కులో బంకమన్ను చిటికెడు. మళ్లీ, ఇంకో చిటికెడు. మూడో రోజుకు ఇరవై అడుగులు జారుకుంటూ వెళ్లి నెమ్మదిగా దిగింది. ఇక రబ్బరు. వంద చుట్లకే ఎడమకు ఒరిగి చుట్టుకుని నేలలో గుచ్చుకుంది. ప్రొపెల్లర్ ఒకవైపు తిరిగితే విమానం ఎదురువైపు తిరగబోతుంది, గాలి న్యాయం అది. ముక్కు చెక్క వెనక అగ్గిపుల్ల చీలిక పెట్టి ప్రొపెల్లర్‌ను కాస్త కుడికీ, కాస్త కిందికీ వంచాను. ఎడమ రెక్క రెండుసార్లు విరిగింది, రెండుసార్లు అతికాను. అతుకు అతుకుకూ బరువు పెరిగింది.

సంక్రాంతి తర్వాత ఒక పొద్దున మామను ఆటోలో ఎక్కించుకుని ఆ ఊరు తీసుకుపోయాను. మంచు ఇంకా విడలేదు, ఆకు కదలడం లేదు. మామను గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టాం. నా కొడుకు విమానం పట్టుకుంటే, రబ్బరును మూడింతలు సాగదీసి చేతి డ్రిల్లుతో ఆరువందల చుట్లు తిప్పాను. వదిలాను. పుష్పక్ ఒకసారి కిందికి జారి, సర్దుకుని, కుడికి పెద్ద చుట్టు చుడుతూ తుమ్మచెట్ల ఎత్తుకు లేచింది. ఎండ టిష్యూ గుండా పడి రెక్క ఎముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు కనబడ్డాయి. మామకు అవేవీ కనబడవు. తల కొంచెం పక్కకు వంచి ఉన్నాడు. రబ్బరు అయిపోయాక ప్రొపెల్లర్ టకటకలాడుతూ ఆగింది, విమానం శికం మీదుగా తేలుతూ తేలుతూ, గడ్డి కొసలకు జానెడు ఎత్తున చాలా దూరం పోయి, అప్పుడు కూర్చుంది. ముప్పై ఎనిమిది సెకన్లు.

"బట్ట విమానమే గదా?" అన్నాడు మామ.

నేను ఏ విమానమో ముందు చెప్పలేదు. మా అబ్బాయి కూడా చెప్పలేదని ఒట్టు పెట్టాడు. తర్వాత మామ ఎక్కువ కాలం లేడు.

పాత విమానాలను ఎలా నిలుపుకోవాలన్న మాట వచ్చినప్పుడు నాకు లిబరేటర్లు గుర్తొస్తాయి. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో ఆ నాలుగింజన్ల బాంబర్లను ఇంకెవరికీ పనికిరాకుండా దెబ్బతీసి వదిలేసి పోయారు. 1948లో మొదలుపెట్టి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ తుక్కులోంచి నలభై దాకా ఎగిరే స్థితికి తెచ్చారు. పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగళూరుకు ఎగరేసుకుపోయాడు. మన వాయుసేన 1968 చివరి దాకా వాటిని నడిపింది. లండన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో, అమెరికాలోని పీమా మ్యూజియంలో ఉన్న లిబరేటర్లు ఇక్కడి నుంచి వెళ్లినవే. వాళ్లు ఒకప్పుడు నడిపిన విమానాలు వాళ్లకు మన చేతుల మీదుగా మిగిలాయి. 2018లో డకోటా కూడా ఒకటి తిరిగొచ్చింది. ఒకప్పటి డకోటా పైలట్ కొడుకు రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని కొని, ఇంగ్లండులో బాగుచేయించి వాయుసేనకిచ్చాడు. దానికి పరశురామ అని పేరు పెట్టారు. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది. 1988 నుంచి 2017 దాకా నౌకాదళంలో పనిచేసింది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు. వెళ్తే దాని ముక్కు దగ్గర ఫొటో దిగి వచ్చేయకండి, ఆ జంట ప్రొపెల్లర్ల కింద కాసేపు నిలబడండి.

డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా ఒక్కటైనా భద్రంగా నిలుపుకున్నది నేను హైదరాబాద్‌లో ఎక్కడా చూడలేదు. నా దగ్గర ఉన్నది మామ ఫొటో ఒకటి. డకోటా తలుపు దగ్గర, భుజం మీద సంచితో. అది ఏ డకోటానో తెలియదు. తోక మీద వీటీ అన్న రెండక్షరాలు పడ్డాయి, మిగిలిన మూడూ ఫొటో అంచు దాటిపోయాయి. ఏ రోజు తీసిందో మామను అడగలేదు.

మీ ఇంట్లో ఎవరైనా బేగంపేటలో పనిచేసి ఉంటే, మెకానిక్ కానివ్వండి, వంటవాడు కానివ్వండి, డెక్కన్ ఎయిర్‌వేస్ రోజుల్లో అయినా ఆ తర్వాతైనా, ఆ పాత పెట్టె ఒకసారి తెరవండి. ఫొటోలు దొరికితే, చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి, వెనక పెన్సిలుతో రాయండి. విమానం పేరు, తోక మీది ఐదు అక్షరాలు, నిలబడ్డ మనిషి పేరు.